ముద్ద దిగడం లేదా? అకలేషియా అనుమానం నుంచి వైద్యం దాకా ఏ మెట్టులో ఏం చేయాలి

మా తమ్ముడు పెళ్లిళ్లలో బంతి భోజనానికి కూర్చోవడం మానేసి అప్పటికి ఏడాదిన్నర. "బఫే ఉంటేనే వస్తా" అనేవాడు. నిలబడి తినడం వాడికో స్టైలు అనుకున్నాం. అసలు సంగతి వేరు. కూర్చుని తింటే నాలుగో ముద్దకల్లా గుండెల నడుమ ఆగిపోయేదట. లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టి, వెన్ను వెనక్కి విరిచి, గ్లాసుడు నీళ్లు గటగటా తాగితే "గుడుక్"మని దిగేది. రాత్రిళ్లు నిద్రలో పొలమారి లేచి కూర్చునేవాడు. అమ్మ నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్రా" అనేది. రెండేళ్లపాటు రోజూ అర్ధరాత్రి తలుచుకునేంత అభిమానులు వాడికెవరూ లేరు.

ఈలోగా మూడు చోట్ల చూపించాం. ఒకచోట అసిడిటీ అని మాత్రలు రాశారు. ఇంకోచోట ఎండోస్కోపీ చేసి అంతా నార్మల్ అన్నారు. మూడోచోట టెన్షన్ తగ్గించుకోమన్నారు. పది కిలోలకు కాస్త తక్కువగా బరువు తగ్గాక, ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి చేసే మానోమెట్రీ అనే ఒక పరీక్షతో అరగంటలో తేలిపోయింది: అకలేషియా. నేను డాక్టర్ని కాను, వాడి ఫైలు సంచీలో మోసినవాణ్ణి. మళ్లీ మొదటి నుంచి ఆ దారిలో నడవాల్సివస్తే ఏ మెట్టులో ఏం చేస్తానో అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు జబ్బేమిటో తెలుసుకోండి

గొంతు నుంచి పొట్ట దాకా సుమారు 25 సెంటీమీటర్ల కండరాల గొట్టం ఉంటుంది, అదే అన్నవాహిక. మింగిన ముద్ద తన బరువుతో జారిపోదు. పైనుంచి కిందికి అల కదిలినట్టు కండరం నొక్కుకుంటూ దాన్ని దింపుతుంది. అట్టడుగున, పొట్టలోకి తెరుచుకునే చోట బిగుసుకుని ఉండే కవాటం ఒకటుంది. మామూలుగా మనం మింగగానే అది వదులవుతుంది, ముద్ద వెళ్లాక మళ్లీ మూసుకుంటుంది. ఆ వదులయ్యే పని చేయించే నాడీకణాలు అన్నవాహిక గోడలోనే ఉంటాయి. అకలేషియాలో ఆ కణాలు మెల్లగా చచ్చిపోతాయి. బిగించే కణాలు మిగులుతాయి, వదిలించేవి పోతాయి. దాంతో కవాటం తెరుచుకోదు, పైన అల కూడా ఆగిపోతుంది. తిన్నది గొట్టంలోనే నిలవ ఉంటుంది.

ఆ కణాలు ఎందుకు చస్తాయో ఇదమిత్థంగా తేలలేదు. ఏదో వైరస్ వచ్చిపోయాక, జన్యుపరంగా అందుకు అనువైన వాళ్లలో, సొంత రోగనిరోధక వ్యవస్థే ఆ నాడులమీద పడుతుందన్నది ఎక్కువమంది నిపుణులు మొగ్గుచూపే వాదన. ఏటా సుమారు లక్ష మందిలో ఒకరికి కొత్తగా వస్తుంది. ఆడా మగా తేడా లేదు. ఇంత అరుదు కాబట్టే వీధి చివర క్లినిక్‌లో డాక్టర్‌కి ఇది ముందుగా తట్టదు, ఆయన తప్పని కూడా అనలేం. అనుమానం రగిలించే పని మన చేతిలోనే ఉంది. ఎలాగంటే, ముద్ద ఎలా ఆగుతుందో సరిగ్గా చెప్పగలగాలి.

ఒక వారం గమనించి రాసుకోండి

ఒక నోటుబుక్కు తీసుకుని ఏడు రోజులు రాయండి. "తినడం కష్టంగా ఉంది" అని రాస్తే లాభం లేదు. కింది ప్రశ్నలకు జవాబులు కావాలి.

ఘనాహారమే ఆగుతోందా, నీళ్లూ ఆగుతున్నాయా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. అన్నవాహికలో గడ్డ గానీ, మచ్చకట్టి సన్నబడటం గానీ ఉంటే మొదట మాంసం, చపాతీలాంటి గట్టివి ఆగుతాయి, నెలలు గడిచేకొద్దీ మెత్తటివి, చివరికి నీళ్లు. అకలేషియాలో దాదాపు మొదటి నుంచే గట్టివీ నీళ్లూ రెండూ ఇబ్బంది పెడతాయి. మావాడు మజ్జిగ తాగినా ఆగుతోందని ఎప్పుడో చెప్పాడు, మేమే పట్టించుకోలేదు.

పైకి వచ్చింది పుల్లగా ఉందా, చప్పగా ఉందా? పొట్టలోంచి తన్నుకొచ్చింది పుల్లగా, చేదుగా ఉంటుంది. అకలేషియాలో అది అసలు పొట్టలోకి పోనేలేదు కాబట్టి తిన్నది తిన్నట్టే, అన్నం మెతుకులు మెతుకుల్లాగే వస్తాయి. పొద్దున దిండు మీద రాత్రి తిన్న చారు మరక కనిపిస్తే రాసిపెట్టండి. చెప్పడానికి సిగ్గుపడే విషయమే, కానీ డాక్టర్‌కి పదిమాటల పెట్టు. అయితే గుండెమంట ఉంది కాబట్టి ఇది అకలేషియా కాదని మాత్రం అనుకోవద్దు. నిలవున్న ఆహారం పులిసి చాలామందికి మంట పుడుతుంది. గ్యాస్ మాత్రల దగ్గరే బండి ఆగిపోవడానికి కారణం అదే.

రాత్రి దగ్గు, పొలమారడం, పదేపదే న్యుమోనియా ఉన్నాయా? గొట్టంలో నిలవున్నది పడుకోగానే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఉబ్బసమనీ టీబీ అనీ అనుమానించే కేసుల్లో కొన్ని ఇవే.

ఛాతీలో నొప్పి వస్తోందా? ఇక్కడ మాత్రం ఒక జాగ్రత్త. ఛాతీ నొప్పి ఏదైనా సరే ముందు ఈసీజీ తీయించి గుండె సంగతి తేల్చుకోండి. అన్నవాహిక నొప్పి, గుండెనొప్పి ఒకే చోట, ఒకేలా వస్తాయి.

తింటున్నప్పుడు మీరేం చేస్తున్నారో కూడా రాయండి. లేచి నిలబడుతున్నారా, గెంతుతున్నారా, వెన్ను విరుస్తున్నారా, ముద్దముద్దకీ నీళ్లు తాగుతున్నారా, అందరూ లేచాక కూడా తింటూనే ఉన్నారా? ఇవన్నీ అలవాటైపోయి మనకే తెలియవు. ఎదురుగా కూర్చుని తినేవాళ్లను అడగండి.

వారం చివర మార్కులు వేసుకోండి. డాక్టర్లు వాడే ఎకార్ట్ స్కోర్ ఇదే, ఇంట్లో ఎవరైనా వేసుకోవచ్చు. మింగలేకపోవడం, పైకి రావడం, ఛాతీనొప్పి ఈ మూడింటికీ విడివిడిగా: అసలు లేకపోతే 0, అప్పుడప్పుడైతే 1, రోజూ అయితే 2, ప్రతి భోజనానికీ అయితే 3. బరువు తగ్గకపోతే 0, 5 కిలోల లోపు తగ్గితే 1, 5 నుంచి 10 అయితే 2, 10 దాటితే 3. మొత్తం 12కి. మావాడికి మింగడానికి 3, పైకి రావడానికి 2, నొప్పికి 1, బరువుకి 2, వెరసి 8 వచ్చింది. ఈ అంకె జబ్బును నిర్ధారించదు. జబ్బు తేలాక ఎంత ముదిరిందో, వైద్యం తర్వాత ఎంత తగ్గిందో చెప్పడానికి పనికొస్తుంది. అందుకే మొదటి అంకెను తేదీతో సహా దాచుకోండి.

డాక్టర్ దగ్గర మొదటి మాట ఇది

జనరల్ ఫిజీషియన్ దగ్గరే మొదలుపెట్టండి గానీ రెండు మూడు వారాల మాత్రలతో తగ్గకపోతే గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. ఓపీలో మీకు దక్కేది అయిదు నిమిషాలు. "గ్యాస్ ట్రబుల్ డాక్టర్ గారూ" అని మొదలుపెట్టారా, ఆ అయిదు నిమిషాలూ గ్యాస్‌కే పోతాయి. ఇలా చెప్పండి: "అన్నం, నీళ్లు రెండూ గుండెల దగ్గర ఆగుతున్నాయి. ఇన్ని నెలలైంది. రాత్రి తిన్నది పులుపు లేకుండా పైకి వస్తోంది. ఇన్ని కిలోలు తగ్గాను." ఇంకేం చెప్పక్కర్లేదు. ఎండోస్కోపీ నార్మల్ అని ఇంతకుముందే ఎవరైనా చెప్పి ఉంటే, ఆ రిపోర్టు ముందు పెట్టి "మానోమెట్రీ అవసరమంటారా?" అని మర్యాదగా అడగండి. మా కథలో రెండేళ్లు ఆలస్యమైంది ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగకపోవడం వల్లే.

పరీక్షలు ఏ వరసలో, ఎలా తయారై వెళ్లాలి

మొదట ఎండోస్కోపీ. ఇది అకలేషియాను పట్టుకోవడానికంటే, అక్కడ గడ్డ లేదని తేల్చుకోవడానికి. పొట్ట పైభాగంలో క్యాన్సర్ ఉంటే అది కూడా కవాటాన్ని బిగించి అచ్చం అకలేషియాలాగే నటిస్తుంది. వయసు 55 దాటి, లక్షణాలు మొదలై ఏడాది కూడా కాకుండానే బరువు బాగా తగ్గితే ఈ అనుమానం మరీ గట్టిగా ఉండాలి. అలాంటప్పుడు సీటీ స్కాన్ గానీ ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గానీ అడుగుతారు, వద్దనకండి. తొలిదశ అకలేషియాలో కెమెరాకు తేడా ఏమీ కనిపించకపోవడం మామూలే. కవాటం ఎలా ఉందో కెమెరా చూస్తుంది గానీ, మింగినప్పుడు వదులవుతోందా లేదా అన్నది దానికి తెలియదు.

ఎండోస్కోపీకి రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళితే చాలని అందరికీ చెబుతారు. మీకు అది చాలదు. నిన్న మధ్యాహ్నం తిన్న పప్పన్నం ఇంకా గొట్టంలోనే ఉండొచ్చు, మత్తిచ్చినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ముద్దలు ఆగుతున్నాయని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పి, ఎన్ని గంటలముందు నుంచి ద్రవాహారం మీదే ఉండాలో అడగండి. సాధారణంగా ఒకటి రెండు రోజులు చెబుతారు. మత్తు డాక్టర్‌కి మళ్లీ విడిగా చెప్పండి. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరుతుందని నమ్మకండి.

ఎండోస్కోపీ చేసేటప్పుడే చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపమని అడగడం మంచిది, చూపుకి అంతా బాగున్నా సరే. ఎందుకంటే ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే మరో జబ్బు ఉంది. అదీ రోగనిరోధక వ్యవస్థ చేసే అల్లరే, ఆహార అలర్జీలాంటిది. ముఖ్యంగా ఉబ్బసం, తుమ్ములు, దద్దుర్లు ఉన్న కుర్రాళ్లలో వస్తుంది. బయాప్సీలో మైక్రోస్కోప్ కింద ఒక్కో హైపవర్ ఫీల్డ్‌లో 15కు తగ్గకుండా ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు కనిపిస్తే దాన్ని అనుమానిస్తారు. దాని వైద్యం పూర్తిగా వేరు.

తర్వాత బేరియం. సున్నపు నీళ్లలాంటి తెల్లటి ద్రవం తాగించి ఎక్స్‌రేలు తీస్తారు. అన్నవాహిక పైన ఉబ్బి, కింద పిట్టముక్కులా సన్నబడి కనిపిస్తే అకలేషియా గుర్తు. మామూలు బేరియం కంటే "టైమ్డ్ బేరియం" మేలు: తాగాక 1, 2, 5 నిమిషాలకు ఫొటోలు తీసి ఇంకా ఎన్ని సెంటీమీటర్ల ఎత్తు నిలవుందో కొలుస్తారు. వైద్యం తర్వాత ఇదే మళ్లీ చేస్తే పోల్చుకోవచ్చు. ఆ సాయంత్రం నీళ్లు బాగా తాగండి, మర్నాడు విరేచనం తెల్లగా వస్తే భయపడకండి.

చివరగా మానోమెట్రీ, అసలు తీర్పు దీనిదే. హై రిజల్యూషన్ మానోమెట్రీ అని అడగండి. మత్తు ఉండదు. ముక్కుకి జెల్లీ రాసి, సన్నటి తీగలాంటి గొట్టాన్ని పొట్ట దాకా దింపుతారు. గొంతు దాటే ఆ పది సెకన్లే కష్టం. గడ్డం ఛాతీకి ఆనించి, స్ట్రా పెట్టిన నీళ్లు గుక్కగుక్కగా మింగుతూ ఉంటే గొట్టం దానంతటదే దిగుతుంది. కళ్లలో నీళ్లొస్తాయి, ఓకరింపు వస్తుంది. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది. తర్వాత పడుకోబెట్టి, 5 మిల్లీలీటర్ల చొప్పున పదిసార్లు నీళ్లు మింగిస్తారు. మధ్యలో గుటక వేయొద్దంటారు, అదే అన్నిటికంటే కష్టం అన్నాడు మావాడు. బీపీకి, గుండెకి వాడే కొన్ని మాత్రలు, ట్రమడాల్‌లాంటి ఓపియాయిడ్ నొప్పి మాత్రలు ఈ పరీక్ష ఫలితాన్ని మార్చేస్తాయి. ఓపియాయిడ్లయితే లేని అకలేషియాను ఉన్నట్టు చూపించగలవు. మీ మందుల చీటీ మొత్తం ముందే చూపించి ఏది ఆపాలో వాళ్లనే అడగండి, సొంతంగా ఆపొద్దు.

రిపోర్టులో వెతకాల్సింది

రంగురంగుల బొమ్మల మధ్య రెండు విషయాలు చూడండి. ఒకటి ఐఆర్‌పీ అనే అంకె. మింగాక కవాటం దగ్గర మిగిలిన ఒత్తిడి అది. చాలా యంత్రాల్లో 15 ఎంఎంహెచ్‌జీ దాటితే కవాటం సరిగా వదులవడం లేదని అర్థం. రెండోది టైపు. టైప్ 1లో అన్నవాహిక నిస్సత్తువగా పడి ఉంటుంది. టైప్ 2లో గొట్టమంతా ఒక్కసారిగా నొక్కుకుంటుంది. వైద్యానికి అన్నిటికంటే బాగా లొంగేది ఇదే. టైప్ 3లో కండరం వేళకాని వేళ గట్టిగా పట్టేస్తుంది, నొప్పి ఎక్కువ, బెలూన్‌తో కవాటాన్ని సాగదీసే వైద్యానికి అంతగా లొంగదు. టైపు రాయకుండా "అకలేషియా కార్డియా" అని మాత్రమే రాసిచ్చిన రిపోర్టు సగం రిపోర్టు. వెనక్కి వెళ్లి అడగండి. ఏ వైద్యమన్నది దానిమీదే ఆధారపడుతుంది.

పరీక్షల్లో అకలేషియా కాదని తేలితే అక్కడితో వదిలేయొద్దు. చలికి చేతివేళ్లు తెల్లబడి నీలంగా మారుతుంటే, చర్మం బిగుసుకుంటుంటే స్క్లెరోడెర్మా అనే జబ్బేమో చూడాలి. అందులో కవాటం బిగుసుకోదు, పూర్తిగా వదులైపోతుంది. నాలుక నున్నబడి, రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో గొంతు పైభాగంలోనే ముద్ద ఆగుతుంటే ప్లమ్మర్ విన్సన్ సిండ్రోమ్ కావచ్చు, ఐరన్ ఎక్కించడమే అందులో పెద్ద వైద్యం. ఇక పసిపిల్లల విషయం. పొలమారుతూ, ఏడ్చినప్పుడు కన్నీళ్లు రాకపోతే పిల్లల డాక్టర్‌కి ఆ కన్నీళ్ల మాట తప్పక చెప్పండి. ఆల్‌గ్రోవ్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బులో అకలేషియా, కన్నీళ్లు లేకపోవడం, ఎడ్రినల్ గ్రంథి పనిచేయకపోవడం మూడూ కలిసి వస్తాయి. మూడోది ప్రాణం మీదికి తెస్తుంది.

తేదీ వచ్చేదాకా తినేదెలా

ఆపరేషన్ తేదీకి మాకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరువారాలూ వంటింట్లోనే యుద్ధం.

వాడి అనుభవంలో వింత ఏమిటంటే, మెత్తగా ఉంటుంది కదాని పెట్టిన ఇడ్లీ అన్నిటికంటే మొండిది. స్పాంజిలా ఉబ్బి అక్కడే కూర్చునేది. అదే ఇడ్లీని సాంబారులో పదినిమిషాలు నాననిచ్చి చెంచాతో చిదిమితే దిగిపోయేది. చపాతీ, బ్రెడ్డు, మాంసం ముక్కలు, పొడిపొడిగా ఉన్న పులిహోర పక్కన పెట్టేశాం. మెత్తగా ఉడికించి పప్పుచారు పోసి పిసికిన అన్నం, రాగిజావ, గంజి, పల్చటి ఉప్మా, గిలక్కొట్టిన పెరుగులో అటుకులు, మగ్గిన అరటిపండు నడిచాయి. ఒకరికి దిగింది ఇంకొకరికి దిగాలని లేదు, మీ జాబితా మీరే కట్టుకోవాలి. బరువు నిలవాలంటే జావలో నెయ్యి, వేరుశెనగ పొడి, పాలపొడి కలపండి. నీళ్లచారు తాగి కడుపు నింపుకుంటే ఇంకో మూడు కిలోలు పోతాయి.

తినే పద్ధతి ఇది: నిటారుగా కూర్చోండి, నిమ్మకాయంత ముద్ద కాదు, ఉసిరికాయంత. బాగా నమలండి. రెండు ముద్దలకోసారి గోరువెచ్చటి నీళ్లు. చల్లటి నీళ్లు చాలామందికి నొప్పి తెస్తాయి. ఆగినట్టనిపిస్తే ఇంకో ముద్దతో తోయకండి, లేచి నిలబడి, చేతులు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, నీళ్లు తాగండి. భోజనం అయ్యాక గ్లాసున్నర నీళ్లు నిలబడి తాగితే గొట్టం కొంత కడిగినట్టవుతుంది. రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించి, పడుకోవడానికి మూడు నాలుగు గంటలు ఎడం ఇవ్వండి. దిండు మీద దిండు వేస్తే నడుం మడతపడి ఇంకా ఇబ్బంది. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తండి. మా ఇంట్లో ఆ ఇటుకలు ఇప్పటికీ ఉన్నాయి.

మాత్రల సంగతి ఎవరూ చెప్పరు. డాక్సీసైక్లిన్, పొటాషియం, ఎముకల బలానికి వారానికొకటి వేసుకునే అలెండ్రొనేట్‌లాంటివి అన్నవాహికలో ఆగితే అక్కడే పుండు చేస్తాయి. మందులషాపులో కాదు, డాక్టర్‌నే అడిగి సిరప్‌గానో, నీళ్లలో కరిగేదిగానో మార్పించుకోండి. అలాగే ఎవరో చెప్పారని గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్రలు నాలుక కింద పెట్టుకుని తినడం మొదలుపెట్టకండి. అవి కవాటాన్ని కాసేపు వదులు చేసే మాట నిజమే గానీ, తలనొప్పి, బీపీ పడిపోవడం మామూలు, ఫలితం అరకొర.

ఏదైనా ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోతే ఇంటిచిట్కాలు వద్దు, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లండి.

వైద్యం ఎంచుకోవడం

ఒక నిజం ముందే మింగాలి. చచ్చిపోయిన నాడీకణాలను ఏ మందూ తిరిగి తేలేదు. వైద్యమంటే కవాటం కండరాన్ని సాగదీయడమో, కోయడమో. పైన అల తిరిగి రాదు, ముద్ద తన బరువుతో జారేలా దారి వెడల్పు చేస్తారంతే. 1674లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు తిమింగలం ఎముక చివర స్పాంజి కట్టి, ఒక రోగి ముద్దను పొట్టలోకి తోయించాడు. ఇప్పుడు చేసేదీ మూలంలో అదే ఆలోచన.

బెలూన్ డైలటేషన్‌లో ఎండోస్కోపీ ద్వారా 30 మిల్లీమీటర్ల బెలూన్‌ను కవాటంలో పెట్టి ఉబ్బిస్తారు, చాలకపోతే కొన్ని వారాల తర్వాత 35, అవసరమైతే 40. కోత లేదు, ఖర్చు తక్కువ. నూటికి ఒకరిద్దరిలో అన్నవాహిక చిరిగే ప్రమాదం ఉంది, అందుకే అవసరమైతే సర్జన్ అందుబాటులో ఉండే చోటే చేయించుకోవాలి. కొన్నేళ్లకు మళ్లీ చేయించాల్సి రావచ్చు.

హెల్లర్ మయాటమీ 1913 నుంచి ఉన్న ఆపరేషన్. ఇప్పుడు ల్యాప్రోస్కోపీతో పొట్టమీద చిన్న రంధ్రాలు పెట్టి కండరాన్ని బయటినుంచి కోస్తారు. యాసిడ్ పైకి తన్నకుండా పొట్ట పైభాగాన్ని కొంత చుట్టి కుడతారు. ఆ చుట్టే దీని బలం.

పోయెమ్ అనే మూడో పద్ధతిని 2008లో జపాన్‌లో హరుహిరో ఇనోవే మొదట మనుషులకు చేశారు. బయట కోతే ఉండదు. నోట్లోంచి ఎండోస్కోప్ వేసి, అన్నవాహిక లోపలి పొరకు చిన్న గాటు పెట్టి, పొరకూ కండరానికీ మధ్య సొరంగం తవ్వుకుంటూ కిందికి వెళ్లి కవాటం కండరాన్ని కోసి, వచ్చేటప్పుడు గాటుకి క్లిప్పులు వేస్తారు. మనకిది దూరాభారం కాదు, హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు వందల పోయెమ్ కేసుల అనుభవాన్ని అంతర్జాతీయ వైద్య పత్రికల్లో ప్రచురించారు.

ఏది మేలు? 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ట్రయల్‌లో రెండేళ్ల తర్వాత పోయెమ్ వాళ్లలో 83 శాతం, హెల్లర్ వాళ్లలో 81.7 శాతం మంది బాగున్నారు, అంటే సమానమే. కానీ యాసిడ్ వల్ల అన్నవాహిక ఒరుసుకుపోవడం పోయెమ్ వాళ్లలో 44 శాతం, హెల్లర్ వాళ్లలో 29 శాతం. అదే ఏడాది జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్‌లో పోయెమ్‌ను బెలూన్‌తో పోల్చితే 92 శాతానికి 54 శాతం వచ్చింది. అయితే అందులో బెలూన్‌ను 35 దగ్గరే ఆపేశారు. నా లెక్క ఇది: టైప్ 3 అయితే పోయెమ్ వైపే మొగ్గండి, కండరాన్ని ఎంత పొడుగైనా కోయగలిగే వీలు దానికే ఉంది. టైప్ 1, 2 అయితే మూడూ పనికొస్తాయి. అలాంటప్పుడు ఏ పద్ధతి అన్నదానికంటే, చేసే చెయ్యి ఎన్ని చేసిందన్నదే చూడండి. "మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని అడగడంలో తప్పులేదు. మత్తు తట్టుకోలేని పెద్దవాళ్లకు కవాటంలో బోటాక్స్ ఇంజెక్షన్ ఉంది, కొన్ని నెలల నుంచి ఏడాది దాకా ఊరట. కుర్రవాళ్లకు ఎవరైనా ముందుగా దాన్నే చెబితే రెండో అభిప్రాయం తీసుకోండి.

డబ్బు విషయం ఆసుపత్రిలో చేరకముందే తేల్చుకోండి. ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఆరోగ్యమిత్రను, లేదా మీ ఇన్సూరెన్స్ డెస్క్‌ను ప్రొసీజర్ పేరు రాసి చూపించి అడగండి. పోయెమ్‌ను కొన్ని కంపెనీలు మామూలు ఎండోస్కోపీగా లెక్కగట్టి కొర్రీ పెడతాయి. ముందస్తు అనుమతి కాగితం మీద ఉండాలి.

చేయించుకున్నాక

పోయెమ్ మర్నాడు మావాడి మెడ ఉబ్బి, నొక్కితే చర్మం కింద అటుకులు నలిగినట్టు చప్పుడు వచ్చింది. అమ్మ హడలిపోయింది. ప్రొసీజర్‌లో వాడిన గ్యాస్ కొంచెం చర్మం కిందికి పాకడమే అది, దానంతటదే తగ్గింది. తగ్గనివి వేరే ఉంటాయి: జ్వరం, ఊపిరాడకపోవడం, పెరుగుతూ పోయే ఛాతీనొప్పి, రక్తం వాంతి. ఇవి ఏ వైద్యం తర్వాతైనా, ఇంటికొచ్చాకైనా సరే, అర్ధరాత్రైనా వెనక్కి తీసుకెళ్లండి.

సాధారణంగా ఎక్స్‌రేలో కారడం లేదని చూశాక ద్రవాలు, తర్వాత కొన్నిరోజులు మెత్తటి ఆహారం. మొదటిరోజు దిగుతోంది కదాని బిర్యానీ మీద పడొద్దు. ఇప్పుడు దారి తెరిచి ఉంది కాబట్టి యాసిడ్ పైకి వస్తుంది, అందుకని పరగడుపున వేసుకునే యాసిడ్ తగ్గించే మాత్ర రాస్తారు. మంట లేదని దాన్ని మానేయకండి. మంట తెలియకుండానే పుండు పడొచ్చు, కొన్ని నెలల తర్వాత ఎండోస్కోపీతోనే తెలుస్తుంది. తమాషా ఏమిటంటే, రెండేళ్లు అక్కర్లేకుండా వేసుకున్న మాత్ర ఇప్పుడు వాడికి నిజంగా అవసరమైంది.

మూడు నెలలకు ఎకార్ట్ స్కోర్ మళ్లీ వేయండి. 3 లేదా అంతకంటే తక్కువైతే వైద్యం పనిచేసినట్టు. టైమ్డ్ బేరియం కూడా మళ్లీ చేయించి రెండూ పక్కపక్కన పెట్టుకోండి, ఎందుకంటే కొందరికి హాయిగా అనిపిస్తున్నా లోపల నిలవ ఉంటూనే ఉంటుంది. తర్వాత ఏడాదికోసారి చూపించుకోండి. ఏళ్లతరబడి ఆహారం నిలవుండే అన్నవాహికలో క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ, ఎన్నేళ్లకోసారి ఎండోస్కోపీ అన్నది మీ డాక్టర్ నిర్ణయిస్తారు. పొగాకు, గుట్కా ఉంటే ఈ పూటే మానాలి.

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో మానోమెట్రీ రిపోర్టు, బేరియం సీడీ, ప్రొసీజర్ నోట్స్ ఉంచండి. కండరం ఎన్ని సెంటీమీటర్లు, ఏ వైపు కోశారో ఆ నోట్స్‌లోనే ఉంటుంది, రేపు మళ్లీ ఇంకేదైనా చేయాల్సివస్తే కొత్త డాక్టర్ మొదట అడిగేది అదే. మావాడి ఫోల్డర్ మీద అమ్మ చేత్తో రెండంకెలు రాసింది: పైన 8, కింద 1. మొన్న మేనత్త కొడుకు పెళ్లిలో బంతిలో కూర్చున్నాడు. పక్కన నీళ్లగ్లాసు మాత్రం రెండు పెట్టించుకున్నాడు.